ఢిల్లీలో తీర్పు... బీలలో తూటా

2010 జూలై 14, బుధవారం. శ్రీకాకుళం జిల్లా సోంపేట.

బీల అనే తడినేల ఒడ్డున రెండు గుంపులు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకవైపు వందల మంది పోలీసులు, వాళ్ళ అండతో విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టడానికి వచ్చిన కంపెనీ మనుషులు. మరోవైపు చుట్టుపక్కల పల్లెల నుంచి వేలల్లో కదిలివచ్చిన రైతులు, మత్స్యకారులు, కూలీలు. వాళ్ళలో ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. ఏడు నెలలుగా రిలే నిరాహార దీక్షలు చేస్తున్న జనం వాళ్ళు. తమ బీలలో యంత్రం దిగితే ఇక దాన్ని ఎవరూ వెనక్కి పంపలేరని వాళ్ళకు తెలుసు.

గుర్తు కోసం నీలి రిబ్బన్లు కట్టుకున్న ప్రైవేటు మనుషులు కూడా పోలీసుల వెంట ఉన్నారని ఆ తర్వాత నిజనిర్ధారణకు వెళ్ళిన హక్కుల సంఘాలు రాశాయి. మాటా మాటా పెరిగింది. తోపులాట మొదలైంది. లాఠీలు లేచాయి, రాళ్ళు లేచాయి. ఇరువైపులా నెత్తురు కారింది. బురదలో పరుగెత్తలేక పడిపోయినవాళ్ళు పడిపోయారు. చివరికి పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఎందరో గాయపడ్డారు. ఆ దృశ్యాలను రాష్ట్రమంతా టీవీల్లో చూసింది.

అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. సోంపేట థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేంద్రం ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఏ అనుమతి చేతిలో ఉందన్న ధైర్యంతో ఆ ఉదయం కంపెనీ బీలలోకి దిగిందో, ఆ అనుమతి ఆ రోజుతోనే చెల్లకుండా పోయింది.

చచ్చిపోయిన ఇద్దరికీ ఆ కబురు చేరే అవకాశం లేకపోయింది.

బీల బతుకు

సోంపేట ఉద్దానం సీమలోది. కొబ్బరి, జీడి, పనస, మొగలి పొదలు. చూసినవాళ్ళు దాన్ని రెండో కోనసీమ అంటారు. ఆ తోటలకూ సముద్రానికీ నడుమ వేల ఎకరాల్లో పరుచుకున్న పల్లపు నేల బీల. వాన కురిస్తే ఎగువ నీళ్ళన్నీ గెడ్డల మీదుగా అక్కడికే చేరతాయి. బీల వాటిని పట్టి ఉంచుతుంది, మెల్లగా భూమిలోకి ఇంకిస్తుంది, మిగిలినవాటిని సముద్రానికి వదులుతుంది. అందువల్లే చుట్టుపక్కల బావుల్లో ఎండాకాలంలోనూ తీపి నీరు ఉంటుంది. సముద్రపు ఉప్పు లోపలికి ఎగబాకదు.

ఆ నీటి మీద వేల కుటుంబాలు బతుకుతాయి. వరి పండిస్తారు, చేపలు పడతారు, పశువుల్ని మేపుకుంటారు, చాపలకూ పాకలకూ కావలసిన గడ్డి కోసుకుంటారు. బీల నీటిని నమ్ముకుని ప్రభుత్వమే ఎత్తిపోతల పథకాలు కట్టించింది. ఏటా అదే జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి పల్లెలకు వలస వచ్చే కొంగలకు మేత దొరికేది ఇలాంటి తడినేలల్లోనే.

ఆ నేలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రతిపాదించింది. 2008 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ఇచ్చి 970 ఎకరాలకు పైగా భూమిని కేటాయించింది. అధికారుల లెక్కలో అది పనికిరాని ప్రభుత్వ భూమి. ఎవరి పేరా పట్టా లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదన్నది వాళ్ళ వాదన. పట్టా లేకపోయినా తరతరాలుగా ఆ నీళ్ళు తాగి, ఆ చేప తిని బతికిన ఊళ్ళు ఆ లెక్కలో ఎక్కడా లేవు.

కాగితాల దారి

మన దేశంలో పెద్ద నిర్మాణానికి పర్యావరణ అనుమతి ఎలా వస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. సోంపేట కథంతా ఆ దారిలోనే తప్పిపోయింది.

2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ముందుగా ఆ ప్రాజెక్టు ఏ తరగతిలోకి వస్తుందో చూస్తారు. తర్వాత ఏయే విషయాలు అధ్యయనం చేయాలో నిర్ణయిస్తారు. అధ్యయనం ముసాయిదా సిద్ధమయ్యాక కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. దానికి ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. సభకు జిల్లా కలెక్టరో, ఆయన తరఫున మరో ఉన్నతాధికారో అధ్యక్షత వహిస్తారు. జనం చెప్పిన ప్రతి మాటనూ రాసుకోవాలి. ఆ తర్వాత నిపుణుల కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తుంది, మంత్రిత్వ శాఖ అనుమతి ఇస్తుంది.

చదివితే పకడ్బందీగా ఉంటుంది. అయితే ఆ అధ్యయనం చేసే సంస్థను ఎంచుకునేదీ, దానికి డబ్బిచ్చేదీ ప్రాజెక్టు కట్టేవాళ్ళే. నేల ఎలాంటిదో ఆ సంస్థ ఏం రాస్తే నిపుణుల కమిటీ బల్ల మీదికి అదే చేరుతుంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు బీల కనిపించదు, నివేదిక కనిపిస్తుంది.

2009 ఆగస్టులో సోంపేటలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం వ్యతిరేకించారు. ఇది బీడు కాదు, మా చెరువు, మా చేను, మా బావి అని చెప్పుకున్నారు. అయినా డిసెంబర్‌లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ నెలలోనే సోంపేటలో రిలే దీక్షల శిబిరం వెలిసింది. రోజుకొక ఊరివాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చునేవారు. కుప్ప నూర్పిళ్ళు, సంక్రాంతి, పెళ్ళిళ్ళ రోజులు గడిచిపోయాయి. శిబిరం మాత్రం ఖాళీ కాలేదు.

అప్పీలు

సోంపేట జనం వీధి పోరాటంతో ఆగలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. స్థానిక వైద్యుడు డాక్టర్ వై. కృష్ణమూర్తి నాయకత్వంలో పర్యావరణ పరిరక్షణ సంఘం కాగితాన్ని కాగితంతోనే ఎదుర్కొంది. కేంద్ర విద్యుత్ శాఖకు కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మ విశాఖ నుంచి లేఖ మీద లేఖ రాశారు. విద్యుత్ అవసరం ఎంతో, దానికి ఎక్కడ ఏ రకమైన కేంద్రం కట్టాలో బాగా తెలిసిన అధికారి ఆయన. అలాంటి మనిషే తడినేలలో ఈ కేంద్రం కట్టడం తప్పని చెప్పడం వల్ల, ఇది అభివృద్ధి అంటే గిట్టనివాళ్ళ గోల అని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్ళు వినడానికి 1997 నాటి చట్టం కింద ఏర్పడిన జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ అప్పట్లో ఢిల్లీలో ఉండేది. ఏళ్ళ తరబడి అధ్యక్షుడే లేకుండా నడిచిన సంస్థ అది. అక్కడ అనుమతి రద్దు కావడం చాలా అరుదు. అయినా సోంపేట వాదన నిలిచింది. కట్టబోయేది విలువైన తడినేలలోనన్న సంగతిని అనుమతి ఇచ్చినవాళ్ళు పట్టించుకోలేదన్న ప్రశ్నకు కంపెనీ దగ్గర గానీ మంత్రిత్వ శాఖ దగ్గర గానీ నిలబడే జవాబు లేకపోయింది. జూలై 14న రద్దు ఉత్తర్వు వచ్చింది.

ఆ సంస్థ స్థానంలో 2010 అక్టోబర్ 18న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఏర్పడింది. డిసెంబర్‌లో కేంద్రం మొట్టమొదటి తడినేలల పరిరక్షణ నియమాలు తెచ్చింది. సోంపేట జనం మాత్రం ఆ నియమాలు పుట్టకముందే వాటి కోసం నెత్తురు చిందించారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర, నౌపడ తంపర తడినేలలో మరో థర్మల్ కేంద్రం మీద జరిగిన ఆందోళనలో పోలీసులు మళ్ళీ కాల్చారు. మళ్ళీ ప్రాణాలు పోయాయి. ఎనిమిది నెలల కిందటి పాఠం వంద కిలోమీటర్ల లోపల కూడా ఎవరికీ ఎక్కలేదు.

సోంపేటలో దీక్షలు ఏళ్ళ తరబడి సాగాయి. కంపెనీ తన విద్యుత్ కేంద్రాన్ని నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వైపు తరలించుకుంది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107ను రద్దు చేసింది. బీల బీలగానే మిగిలింది. ఏటా జూలై 14న అక్కడి జనం చనిపోయినవాళ్ళను తలచుకుంటారు.

మురమళ్ళకు ఏమిటి సంబంధం?

కోనసీమలోని మురమళ్ళ నుంచి సోంపేట దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. నిత్యకల్యాణాల వీరేశ్వరుడి ఊరికి, బొగ్గు కేంద్రాన్ని తిప్పికొట్టిన ఊరికి సంబంధం ఏమిటని అనిపించవచ్చు. సంబంధం నీటిది.

మురమళ్ళ గోదావరి పాయ వృద్ధ గౌతమి ఒడ్డున ఉంది. అక్కడి నుంచి ఏటి వెంట కిందికి వెళ్తే మడ అడవులు మొదలవుతాయి. తెల్లమడ, నల్లమడ, తిల్ల, గుగ్గిలం, పొన్న. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవి విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. కాకినాడకు దక్షిణాన, కోనసీమ గుండె మీద. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన పల్లెల్లో ఆ రాత్రిని చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. మడ దట్టంగా ఉన్న చోట అల తన బలాన్ని చెట్ల వేళ్ళ మీద ఖర్చు పెడుతుంది. మడ లేని చోట ఇళ్ళ మీద ఖర్చు పెడుతుంది.

కోనసీమ రైతుకు మురుగు కష్టం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 2011లో ఇక్కడి రైతులు ఖరీఫ్ సాగు మానేసి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల దుస్థితి కూడా దానికి కారణం. కాలువ పూడితే నీళ్ళు చేలో నిలుస్తాయి. నీళ్ళు నిలిచే పల్లాన్ని పూడ్చేస్తే అవే నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి. లెక్క అంతే.

ఇప్పుడు ఒక సంగతి గమనించాలి. ఊళ్ళో కొత్త బడి కావాలి, ఆస్పత్రి కావాలి, హాస్టల్ కావాలి, పేదలకు ఇళ్ళ స్థలాలు కావాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే. కోనసీమలో మెరక నేల గజం దొరకడం గగనం. కాబట్టి అందరి చూపూ పల్లం మీదికి పోతుంది. ఏటి పక్కన పోరంబోకు ఉంది కదా, నాలుగు వందల టిప్పర్ల గ్రావెల్ తోలి మెరక చేద్దాం అంటారు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ళ స్థలాల కోసం మడ నేలను ఎంచుకోవడం మీద వివాదం రేగి హైకోర్టు దాకా, హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. పేదవాడికి ఇల్లు ఇవ్వడం ఎంత పుణ్యమో, అలకు ఎదురుగా ఇల్లు ఇవ్వడం అంత పాపం.

థర్మల్ కేంద్రానికైతే పర్యావరణ అనుమతి తప్పనిసరి. మామూలు భవనాలకు ఆ అనుమతి అవసరమయ్యేది 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి. ఊళ్ళో కట్టే బడి, ఆరోగ్య కేంద్రం, కల్యాణ మండపం ఆ పరిమాణానికి దరిదాపుల్లో కూడా రావు. అంటే వాటి విషయంలో నేల తత్వాన్ని అడిగే నిపుణుల కమిటీ ఏదీ ఉండదు. ఊరే అడగాలి.

నేలను చూసే పద్ధతి

నేలను ఏం అడగాలో చూపే పద్ధతి ఒకటి అమెరికాలో ఉంది. 1972 నాటి నీటి కాలుష్య చట్టం పరిధిలోకి వచ్చే తడినేలను పూడ్చాలంటే ఆర్మీ ఇంజనీర్ల విభాగం అనుమతి తీసుకోవాలి. అక్కడ సివిల్ ఇంజనీర్లుగా పనిచేస్తున్న మన తెలుగు పిల్లలకు ఇది తెలిసిన పనే. యూనివర్సిటీ భవనమైనా, ఆస్పత్రి అయినా, ముందు నేల మీద తడినేల హద్దు గీస్తారు. దానికి 1987 నుంచి ఒక పద్ధతి పుస్తకం ఉంది. మూడు గుర్తులు చూడమంటుంది: నీళ్ళలో బతికే మొక్కలున్నాయా, మట్టి నీళ్ళలో నాని రంగు మారిందా, ఏడాదిలో కొన్నాళ్ళయినా నీళ్ళు నిలుస్తాయా.

ఈ మూడూ కోనసీమ రైతుకు కొత్తవి కావు. తుంగ, జమ్ము మొలిస్తే అది పల్లమని ఆయనకు తెలుసు. పార వేస్తే అడుగున బూడిదరంగు మట్టిలో తుప్పు మరకలు కనిపిస్తే అక్కడ ఏటా నీళ్ళు ఆగుతాయని తెలుసు. ఏ చెట్టు మొదలు మీద ఎంత ఎత్తున నీటి చార ఉందో తెలుసు. నివేదిక రాసేవాళ్ళు ఆయన్ని అడగరు. అడిగినా ఎండాకాలంలో వచ్చి అడుగుతారు. సోంపేటలో అంచనా తప్పడానికి మూలం కూడా ఇదే. నేలను ఎరిగినవాళ్ళ మాట నేల గురించిన కాగితంలోకి ఎక్కలేదు.

ఆ మూడు గుర్తులు చూశాక చేసే పనుల వరస కూడా ముఖ్యమే. మొదట, వేరే చోటు ఉంటే తడినేలను వదిలెయ్యాలి. వేరే చోటు లేకపోతే కట్టడాన్ని కుదించి నష్టం తగ్గించాలి. ఆ రెండూ చేశాకే, తప్పనిసరిగా పోయిన దానికి బదులు మరో చోట తడినేలను బాగుచెయ్యాలి. మన తీరప్రాంత నియమాల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. మడ అడవి ఉన్న నేలకు అత్యున్నత రక్షణ తరగతి ఇచ్చారు. అనుమతించిన పనుల్లో మడ పోతే దానికి మూడింతల విస్తీర్ణంలో మళ్ళీ పెంచాలన్నారు. చిక్కల్లా, మనవాళ్ళు చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. ముందు పూడుస్తారు, తర్వాత ఎక్కడో మొక్కలు నాటి ఫొటో తీసుకుంటారు.

బాగుచేయడం సాధ్యమే

పోయిన మడను తిరిగి తెచ్చుకోవచ్చని చూపించింది మన గోదావరి తీరమే. 1990ల చివర నుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాలవాళ్ళు కలిసి కోరింగ ప్రాంతంలో ఆ పని చేశారు. మడ నరికిన చోట నేల కుంగి, పోటు నీళ్ళు వచ్చి నిలిచి, ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. అందుకని వాళ్ళు ముందు నీళ్ళకు దారి చేశారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు, అచ్చం చేప ముల్లులా తవ్వారు. పోటుకు నీళ్ళు లోపలికి వస్తాయి, పాటుకు ఉప్పును కడిగి బయటికి తీసుకుపోతాయి. నేలలో ఉప్పు తగ్గాక తెల్లమడ, నల్లమడ నాటారు. కాలువలు పూడిపోకుండా ఊరివాళ్ళే చూసుకున్నారు. బీడు మళ్ళీ పచ్చబడింది.

నీటి దారి సరిచేస్తే మిగతాది ప్రకృతి చేసుకుంటుంది. నీటి దారి మూసేస్తే ఎంత ఖర్చు పెట్టినా ఏదీ నిలవదు. అయితే కాలువ తవ్వినంత తేలిక కాదు, పూడ్చి కాంక్రీటు పోసిన నేలను వెనక్కి తేవడం. అందువల్ల బాగుచేయడం మీద నమ్మకంతో పూడ్చడానికి ఒప్పుకోకూడదు.

మనం అడగవలసినవి

దేశంలో 2.25 హెక్టార్లకు మించిన తడినేలలు రెండు లక్షలకు పైగా ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలతో గుర్తించారు. వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2017లో ఆదేశించింది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు దక్కింది ఒక్క కొల్లేరుకే, 2002లో. మిగతావాటిని కాపాడవలసింది వాటి పక్కన బతికే మనమే.

మీ ఊళ్ళో ప్రభుత్వ భవనానికో, కాలనీకో స్థలం చూస్తున్నారని తెలిసిన రోజే గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ స్థలంలో భాద్రపదంలో నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయి? ఇక్కడి నీళ్ళు ఇప్పుడు ఎటు పోతున్నాయి, మెరక చేశాక ఎటు పోతాయి? వేరే మెరక స్థలం ఎందుకు కుదరదు? నేలను పరీక్షించింది ఎవరు, ఏ నెలలో? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. వానాకాలంలో ఆ స్థలం ఫొటోలు తేదీతో సహా తీసి పెట్టుకోండి. పర్యావరణ అనుమతి ఇచ్చిన ప్రాజెక్టు అయితే ఉత్తర్వు వచ్చిన ముప్పై రోజుల్లో హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో అరవై రోజులు గడువిస్తారు. మనకు దగ్గర ధర్మాసనం చెన్నైలో ఉంది.

సోంపేట జనం ఇలాంటి ప్రశ్నలే 2009లో లేవనెత్తారు. సభలో అడిగినప్పుడే జవాబిచ్చి ఉంటే ఇద్దరు మనుషులు బతికి ఉండేవారు. కోనసీమలో కట్టే ప్రతి బడీ, ప్రతి ఆస్పత్రీ, ప్రతి కాలనీ పునాది తియ్యకముందే నేలను అడిగి కట్టాలి. అధికారులు అడగకపోతే మీరు అడగండి. ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టండి.